ఎర్ర ఫోన్ బాక్స్ తీసేస్తామంటే ఊరంతా ఎందుకు గొడవ చేస్తోంది, మీరు సంతకం పెట్టాలా వద్దా

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీరు ఉద్యోగం కోసం ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో, కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊరికి మారారు. బస్టాప్ పక్కనున్న ఎర్ర ఫోన్ బాక్సుకి బీటీ (బ్రిటిష్ టెలికాం) కంపెనీ తొలగింపు నోటీసు అంటించింది. పక్కింటి పెద్దావిడ సంతకాల కాగితం పట్టుకుని మీ ఇంటికి వచ్చింది. "మేము వచ్చినప్పటి నుంచి అందులోకి ఒక్క మనిషి వెళ్లడం చూడలేదు, ఎవరూ వాడని డబ్బాకి ఇంత గొడవేమిటి, సంతకం పెట్టకపోతే ఊళ్లో బాగుండదా, పెడితే అబద్ధం చెప్పినట్టవుతుందా" అని అడిగారు. ఇంట్లో కిటికీ దగ్గర తప్ప సిగ్నల్ రాదని, ఫోన్లన్నీ వైఫై మీదే నడుస్తాయని చివర్లో ఒక మాట అన్నారు. అసలు విషయం ఆ చివరి మాటలోనే ఉందండి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను ఇంగ్లండ్‌లోనే ఒక కౌన్సిల్ (అంటే స్థానిక ప్రభుత్వం) ప్లానింగ్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇలాంటి నోటీసు వచ్చిన ప్రతిసారీ ఊరివాళ్లు పంపే ఉత్తరాలు, ఈమెయిళ్లు చదివి, ఎవరు ఏమంటున్నారో ఒక నోట్‌గా రాసి కౌన్సిలర్లకు పెట్టడం నా పనుల్లో ఒకటి. అందుకని ఈ గొడవ ఎలా మొదలై ఎలా ముగుస్తుందో నాకు బాగానే తెలుసు.

ముందు సూటిగా జవాబు. సంతకం పెట్టండి, పక్కింటావిడతో మొహమాటం తెచ్చుకునేంత విషయం కాదు ఇది. కానీ ఆ సంతకాల కాగితం వల్ల మీ ఊరి ఫోన్ నిలబడదు. నిలబడాలంటే మీరు విడిగా ఒక ఉత్తరం రాయాలి, అందులో ఎర్ర రంగు గురించీ జ్ఞాపకాల గురించీ ఒక్క ముక్క కూడా అక్కర్లేదు.

ఎందుకంటే ఊరివాళ్లు ఒకే గొడవ అనుకుంటున్నది నిజానికి రెండు గొడవలు. ఇనప డబ్బా ఒకటి, దాని లోపల వేలాడుతున్న ఫోన్ ఇంకొకటి. డబ్బాని కాపాడటానికి ఒక దారి ఉంది, ఫోన్‌ని కాపాడటానికి పూర్తిగా వేరే దారి ఉంది, ఒక దారిలో గెలిస్తే రెండోది ఓడిపోవడం కూడా జరుగుతుంది. నేను చదివిన ఉత్తరాల్లో చాలావాటికి ఈ తేడా తెలియదు. పదిమంది పది పేజీలు డబ్బా గురించి రాస్తారు, నిబంధనేమో ఫోన్ గురించి అడుగుతుంది. చదివేవాడికి ఆ పది పేజీల్లో పనికొచ్చే వాక్యం ఒక్కటి దొరకదు.

నిబంధన ఏమంటుందో చెబుతాను. ఇక్కడ టెలికాంని నియంత్రించే సంస్థ ఆఫ్‌కామ్. ఈ పబ్లిక్ ఫోన్లను నడిపే బాధ్యత దేశమంతటా బీటీది, ఒక్క హల్ ప్రాంతంలో కేకామ్ అనే కంపెనీది. 2022 జూన్‌లో ఆఫ్‌కామ్ కొత్త నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం ఆ చోట ఉన్న చివరి ఫోన్ బాక్సుని తీయకూడని సందర్భాలు నాలుగు. ఆ చోట నాలుగు మొబైల్ నెట్‌వర్కుల్లో ఏ ఒక్కదాని సిగ్నల్ అందకపోయినా తీయకూడదు. ప్రమాదాలో ఆత్మహత్యలో ఎక్కువగా జరిగే చోటైతే తీయకూడదు. గడిచిన 12 నెలల్లో దాన్నుంచి 52కి మించి కాల్స్ వెళ్లి ఉంటే, అంటే సగటున వారానికి ఒకటి దాటితే, తీయకూడదు. ఇవేవీ కాకపోయినా ప్రత్యేకమైన అవసరం ఉందని, ఉదాహరణకి చైల్డ్‌లైన్, సమారిటన్స్ లాంటి హెల్ప్‌లైన్లకి అక్కడి నుంచి కాల్స్ వెళ్తున్నాయని తేలితే అప్పుడూ తీయకూడదు. ఈ లెక్కన దేశం మొత్తం మీద సుమారు 5,000 బాక్సులకు రక్షణ దొరుకుతుందని ఆఫ్‌కామ్ అప్పట్లో అంచనా వేసింది. అప్పటికి ఉన్నవి 21,000 దాకా. వీటిలోకి రాని బాక్సునైనా చెప్పాపెట్టకుండా ఎత్తుకుపోవడానికి లేదు, స్థానికుల అభిప్రాయం లాంఛనంగా అడగాలి. మీరు చూసిన నోటీసు అందుకే అంటించారు.

ఇందులో ఎక్కడైనా "అందంగా ఉంటే" అని ఉందా? "మా తాతగారి కాలం నుంచి ఉంటే"? "టూరిస్టులు ఫొటోలు దిగితే"? లేదు కదా. కానీ వచ్చే ఉత్తరాల్లో మూడొంతులు ఇవే. యుద్ధం అయ్యాక మా నాన్న ఇక్కడి నుంచే మా అమ్మకి ఫోన్ చేశాడు, మంచు పడ్డప్పుడు ఈ బాక్స్ ఫొటో మా ఊరి క్రిస్మస్ కార్డు మీద వేశాం, ఇది పోతే ఊరి ప్రాణం పోయినట్టే, ఇలా రాస్తారు. నేను వాటిని ఎగతాళి చేయడం లేదు. వాటిలో కొన్ని చదువుతుంటే ఫైలు పక్కన పెట్టి టీ తాగి రావాలనిపించేది. పోస్టాఫీసు పోయింది, పబ్ మూతపడింది, బస్సు వారానికి రెండుసార్లకు తగ్గింది, ఇప్పుడు ఇది కూడానా అనే బాధ ప్రతి ఉత్తరం వెనకా ఉంటుంది. ఫోన్ బాక్స్ మీద కోపం అనుకుంటాం గానీ అది ముందు పోయినవాటన్నిటి మీద పేరుకున్న కోపం, ఈ చివరి వస్తువు మీద బయటపడుతుంది. మీ పక్కింటావిడని అడిగి చూడండి, ఫోన్ గురించి మొదలుపెట్టి అయిదు నిమిషాల్లో బస్సు గురించి చెబుతుంది.

సరదా ఏమిటంటే ఈ ఎర్ర బాక్సులు వచ్చిన కొత్తలో ఊళ్లవాళ్లు వీటినే వద్దన్నారు. 1924లో జరిగిన పోటీలో సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్ డిజైన్ గెలిచింది. లివర్‌పూల్ కెథీడ్రల్, బాటర్సీ పవర్ స్టేషన్ చేసిన ఆర్కిటెక్ట్ ఆయనే. ఆయన అనుకున్నది వెండి రంగు, లోపల ఆకుపచ్చ కలిసిన నీలం. అప్పట్లో ఫోన్లు నడిపే పోస్టాఫీసు వాళ్లు కాదని ఎరుపు వేశారు. 1926 నుంచి లండన్‌లో పెట్టడం మొదలైన ఆ నమూనా పేరు కే2. మీ ఊళ్లో ఉన్నది మాత్రం అది కాదు, ఖాయంగా కే6 అయి ఉంటుంది. అయిదో జార్జి రాజు పాలన రజతోత్సవం సందర్భంగా 1935లో అదే స్కాట్ చేత చిన్న సైజులో చేయించి, 1936 నుంచి దేశమంతా పెట్టారు. 60,000కి పైగా పెట్టారంటే ఎంత విరివిగా ఉండేవో ఊహించుకోండి. పల్లెలకు అవి వచ్చినప్పుడు పచ్చటి కొండల మధ్య ఈ ఎర్ర రంగేమిటని గోల చేశారు. చివరికి ప్రకృతి అందం ఉన్న చోట్ల బూడిద రంగు వేసి, అద్దాల మధ్య పట్టీలకు మాత్రం ఎరుపు వేసుకోవచ్చని పోస్టాఫీసు ఒప్పుకోవాల్సి వచ్చింది. అంతకుముందు ఈస్ట్‌బోర్న్ వాళ్లయితే తమ సముద్రతీరంలో పెట్టే ఫోన్ బాక్సులకి గడ్డి కప్పు వేయాల్సిందేనని పట్టుబట్టి వేయించుకున్నారు! 1981లో బీటీ కొన్నిటికి పసుపు రంగు వేయబోతే మళ్లీ గోల, ఈసారి ఎరుపే కావాలని. 1984లో బీటీ ప్రైవేటుపరం అయింది, మరుసటి ఏడాదే పాతవన్నీ తీసేసి కేఎక్స్100 అనే అద్దాల బాక్సులు పెడతామని ప్రకటించింది. పాత కట్టడాల కోసం పోరాడే థర్టీస్ సొసైటీ లాంటివి ఉద్యమం చేశాక 1986 నుంచి వీటిని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చడం మొదలైంది. ఇప్పుడు 2,000కి పైగా జాబితాలో ఉన్నాయి.

జాబితా అన్నాను కాబట్టి ఒక మాట. మీ ఊరి బాక్స్ జాబితాలో ఉందేమో హిస్టారిక్ ఇంగ్లండ్ వెబ్‌సైట్లో చూసుకోండి. ఉంటే డబ్బాని అనుమతి లేకుండా ఎవరూ కదిలించలేరు, అందులో బీటీకీ మినహాయింపు లేదు. కానీ ఆ రక్షణ ఇనుముకే, ఫోన్‌కి కాదు. లోపలి ఫోన్ ఊడదీసి, ఖాళీ డబ్బా వదిలేసి వెళ్లిన చోట్లు చాలా ఉన్నాయి. లండన్‌లో టూరిస్టులు ఫొటోలు దిగే బాక్సుల్లోకి ఒకసారి తొంగి చూడండి, రిసీవర్ ఉన్నవి ఎన్నో మీకే తెలుస్తుంది.

ఇక తీసేయమనే వాళ్ల సంగతి. వీళ్లూ ఉంటారు, మీరు ఒంటరి అనుకోకండి. పట్టణాల్లో అయితే వీళ్లే ఎక్కువ. మూత్రం కంపు, పగిలిన అద్దాలు, రాత్రిపూట అందులో నిలబడి మత్తుమందు బేరాలు, లోపలంతా అంటించిన అడల్ట్ కార్డులు, పిల్లల్ని తీసుకుని ఆ పక్కగా నడవలేకపోతున్నాం అని రాస్తారు, అవన్నీ నిజాలే. పల్లెల్లో మాత్రం తీసేయమని బయటికి చెప్పరు. కౌన్సిల్ ఆఫీసుకి ఫోన్ చేసి, పేరు రాసుకోవద్దని చెప్పి, "అది పోతే మా గేటు దగ్గర కారు తిప్పుకోవడానికి వీలవుతుందండీ" అంటారు. మళ్లీ అదే మనిషి సంతకాల కాగితం మీద కనిపిస్తాడు. కాబట్టి మీ ఊళ్లో వందకి తొంభైమంది సంతకం పెట్టారంటే తొంభైమందికీ ఆ ఫోన్ కావాలని అర్థం కాదు, ఇక్కడి అధికారులకీ అది తెలుసు. సంతకాల కాగితానికి తూకం తక్కువ ఉండటానికి కారణాల్లో ఇదొకటి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయం.

ఉత్తరాలు రాసేవాళ్లెవరూ ఆ ఫోన్ వాడేవాళ్లు కారు. వాడేవాళ్లెవరూ ఉత్తరాలు రాయరు. ఏళ్ల తరబడి ఆ ఫైళ్లు చూసినవాడిగా చెబుతున్నాను, "నేను పోయిన నెల ఈ ఫోన్ వాడాను" అని సొంత పేరు మీద రాసే మనిషి చాలా అరుదు. మరి కాల్స్ ఎవరు చేస్తున్నారు? ఆఫ్‌కామ్ చెప్పిన లెక్క చూడండి. 2019 మే నుంచి 2020 మే వరకు ఒక్క ఏడాదిలో దేశంలోని ఫోన్ బాక్సుల నుంచి అత్యవసర సేవలకి దాదాపు 1,50,000 కాల్స్ వెళ్లాయి. చైల్డ్‌లైన్‌కి 25,000. సమారిటన్స్‌కి 20,000. చైల్డ్‌లైన్ అంటే కష్టంలో ఉన్న పిల్లలు మాట్లాడే నంబరు, సమారిటన్స్ అంటే బతకాలనిపించని వాళ్లు మాట్లాడే నంబరు. ఇంట్లో ఫోన్ భర్త చేతిలో ఉండి, ఎవరితో మాట్లాడిందో రోజూ చూసే ఇంట్లో ఉన్న ఆడమనిషి ఈ బాక్సులోకి వెళ్తుంది. సెల్‌ఫోన్ అమ్మ తీసేసుకున్న పిల్లవాడు వెళ్తాడు. పొలం పనికి వచ్చి, ఫోన్‌లో బాలెన్స్ లేని కూలీ వెళ్తాడు. వీళ్లలో ఎవరైనా పేరు, పోస్ట్‌కోడ్ రాసి "ఈ ఫోన్ నాకు కావాలి" అని కౌన్సిల్‌కి ఈమెయిల్ పెడతారా? ఎలా పెడతారండి? అలా పెట్టగలిగే పరిస్థితే ఉంటే వాళ్లకి ఆ ఫోన్ అవసరమే ఉండదు.

మీరు ఇంట్లో నుంచి చూసినప్పుడు అందులో ఎవరూ లేరంటే ఎవరూ వాడట్లేదని కాదు. మీరు చూస్తుండగా వెళ్లకూడదనుకునేవాళ్లే ఇప్పుడు దాన్ని వాడేవాళ్లు.

అలా అని నేను అన్ని బాక్సులూ ఉంచాలనే పక్షం కాదు. 2002లో ఈ ఫోన్ల మీద ఏడాదికి సుమారు 80 కోట్ల నిమిషాలు మాట్లాడేవారు, 2020కి అది 70 లక్షలకు పడిపోయింది. చాలా బాక్సులు నిజంగానే ఎవరికీ పనికిరావు, ఊరంతా మొబైల్ సిగ్నల్ బ్రహ్మాండంగా ఉన్న చోట ఖాళీగా నిలబడి ఉన్నాయి. వాటిని ఏళ్ల తరబడి కంపెనీ డబ్బుతో నడపమనడం న్యాయం కాదు, ఆ డబ్బు చివరికి మన బిల్లుల్లోంచే వస్తుంది. నేను చెప్పేది, మీ ఊరిది ఆ కోవలోకి వస్తుందా రాదా అనేది తేల్చే పద్ధతి గురించే.

మీ ఊరి సంగతికి వద్దాం. కిటికీ దగ్గర తప్ప సిగ్నల్ రాదన్నారు. ఆఫ్‌కామ్ వెబ్‌సైట్లో మొబైల్ కవరేజీ చూసుకునే పేజీ ఉంటుంది, పోస్ట్‌కోడ్ కొడితే ఈఈ, ఓటూ, త్రీ, వొడాఫోన్, నాలుగింటికీ ఇంటి లోపల ఎలా ఉంది, ఆరుబయట ఎలా ఉంది అని విడివిడిగా చూపిస్తుంది. బాక్స్ ఉన్న చోటి పోస్ట్‌కోడ్ కొట్టండి. అక్కడ ఒక్క నెట్‌వర్క్ అందకపోయినా మీ చేతిలో మొదటి కారణం ఉన్నట్టే. ఆ వెబ్‌సైట్ చూపించేది కంప్యూటర్ లెక్క కాబట్టి, కొండ వంపులో ఉన్న ఊళ్లలో మ్యాప్ అందుతుందన్నా ఫోన్ అందకపోవచ్చు. అందుకని నాలుగు నెట్‌వర్కుల ఫోన్లున్న నలుగుర్ని పట్టుకుని బాక్స్ పక్కన నిలబడి ప్రయత్నించండి, తేదీ, టైము, ఏ నెట్‌వర్కులో ఎన్ని గీతలు వచ్చాయో రాసుకోండి, స్క్రీన్ ఫొటో తీసుకోండి. పక్కింటావిడ సంతకాల కోసం తిరిగిన సాయంత్రాల్లో ఒక్కటి దీనికి పెట్టి ఉంటే ఈపాటికి పని అయిపోయేది.

దీనికి బీటీ వాళ్లు ఒక జవాబు చెప్పొచ్చు, ముందే తెలుసుకోండి. అత్యవసర నంబరు 999కి చేసే కాల్ మీ నెట్‌వర్క్ లేకపోయినా అందుబాటులో ఉన్న వేరే ఏ నెట్‌వర్క్ మీదైనా వెళ్తుంది, ఇక్కడ ఆ ఏర్పాటు చాలా ఏళ్లుగా ఉంది. కాబట్టి ఒక్క నెట్‌వర్క్ అందినా ప్రాణాపాయంలో సరిపోతుంది కదా అంటారు. నిజమే, కానీ ఆ సౌకర్యం అత్యవసర నంబర్లకే. సమారిటన్స్‌కి చేసే కాల్, కారు ఆగిపోతే మెకానిక్‌కి చేసే కాల్, కొండ ఎక్కడానికి వచ్చి బస్సు తప్పిపోయినవాడు స్నేహితుడికి చేసే కాల్ అలా వెళ్లవు. నిబంధన కూడా నాలుగు నెట్‌వర్కులూ అందాలనే అంటుంది గానీ 999 కాల్ ఒక్కటి వెళ్తే చాలనలేదు. ఈ రెండు వాక్యాలూ మీ ఉత్తరంలో పెట్టండి.

తర్వాత కరెంటు. మీ ఫోన్లు వైఫై మీద నడుస్తాయన్నారు, కరెంటు పోతే రౌటర్ పోతుంది, రౌటర్‌తో పాటు మీ ఫోను పోతుంది. 2021 నవంబరు చివర్లో ఆర్వెన్ తుఫాను వచ్చినప్పుడు ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లాండ్‌లలో ఏమైందో మీ పక్కింటావిడకి బాగా గుర్తుండి ఉంటుంది. పది లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది, కొన్ని వేల ఇళ్లకు వారం దాటినా రాలేదు. కొన్నిచోట్ల మొబైల్ టవర్లూ బ్యాటరీ అయిపోయి ఆగిపోయాయి. పాత రాగి తీగ ఫోన్‌కి కావాల్సిన కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే తీగలో వస్తుంది, ఊళ్లో కరెంటు లేకపోయినా అది మోగుతుంది. ఆ రాగి తీగలనే ఇప్పుడు మూసేస్తున్నారు, 2027 జనవరి నాటికి అంతా ఇంటర్నెట్ ఫోన్లే. కాబట్టి "రాగి తీగ ఉంది కదా" అనే వాదన ఎక్కువకాలం చెల్లదు. అయితే రక్షణలో ఉన్న బాక్సుల్లో అవసరమైనవాటికి కొత్త పరికరం పెట్టేటప్పుడు కరెంటు పోయినా పనిచేసేలా బ్యాటరీ ఉండాలని కూడా ఆఫ్‌కామ్ చెప్పింది. మీరు ఉత్తరంలో దాన్ని అడగండి: ఫోన్ ఉంచండి, బ్యాటరీతో ఉంచండి అని.

52 కాల్స్ సంగతి. మీ ఊళ్లో ఎవరో ఒకరు ఈపాటికి "రోజూ ఒకరం వెళ్లి ఒక కాల్ చేద్దాం, 52 దాటిపోతుంది" అని ఉంటారు. ప్రతి ఊళ్లోనూ అంటారు. ఆ లెక్క గడిచిన ఏడాదిది, నోటీసు పడ్డాక చేసేవాటితో పెద్దగా ఉపయోగం లేదు, పైగా వరసగా రోజుకొక కాల్ చొప్పున కనిపిస్తే చూసేవాళ్లకి అర్థం కాదా? ఆ శ్రమ సిగ్నల్ పరీక్ష మీద పెట్టండి. కాల్స్ తక్కువైనా సిగ్నల్ కారణంతో నిలబడ్డవి ఉన్నాయి. నార్ఫోక్‌లో షారింగ్టన్ అనే ఊరి బాక్స్ నుంచి 2024లో పట్టుమని పది కాల్స్ కూడా వెళ్లలేదు, అయినా తొంభైకి దగ్గర పడ్డ ఒక పారిష్ కౌన్సిలర్ (పారిష్ కౌన్సిల్ అంటే మన గ్రామ పంచాయతీ లాంటిది) పట్టుబట్టి పోరాడితే 2025లో బీటీ వెనక్కి తగ్గింది. అక్కడ పనిచేసిన వాదనల్లో సిగ్నల్ సరిగా అందకపోవడం ముఖ్యమైనది.

ఇప్పుడు దత్తత గురించి, ఎందుకంటే మీ ఊరి మీటింగులో ఇది తప్పకుండా వస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. 2008 నుంచి బీటీ ఒక పథకం నడుపుతోంది, పారిష్ కౌన్సిలో రిజిస్టరయిన చారిటీయో ఒక్క పౌండుకి బాక్సుని కొనుక్కోవచ్చు. 7,000 దాకా ఇలా ఊళ్ల చేతికి వచ్చాయి. సోమర్సెట్‌లోని వెస్ట్‌బరీ-సబ్-మెండిప్‌లో 2009లో లైబ్రరీ చేశారు. యార్క్‌షైర్‌లో వార్లీ ఊళ్లో బుల్లి మ్యూజియం, సెటిల్ ఊళ్లో ఆర్ట్ గ్యాలరీ. చాలాచోట్ల గుండె ఆగిపోయిన మనిషికి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ యంత్రం పెట్టారు. మంచి పనులే, కానీ ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజున బీటీ మనిషి వచ్చి ఫోన్ విప్పుకుపోతాడు. పౌండుకి మీకు దక్కేది డబ్బా. నేను పైన రెండు గొడవలు అన్నది దీని గురించే. డబ్బా దక్కిందని ఊరంతా కేకు కోసుకుంటారు, ఫోన్ ఆ రోజే పోతుంది, దాన్ని వాడే మనిషి ఆ మీటింగుకి రాడు.

డీఫిబ్రిలేటర్ విషయంలో ఇంకో చిక్కుంది, దాన్ని చాలామంది గమనించరు. ఆ యంత్రం పెట్టే పెట్టెల్లో చాలావాటికి తాళం ఉంటుంది, 999కి ఫోన్ చేస్తే వాళ్లు కోడ్ నంబరు చెబుతారు, అది కొడితే తెరుచుకుంటుంది. సిగ్నల్ లేని ఊళ్లో ఫోన్ పీకేసి ఆ జాగాలో తాళం పెట్టె పెడితే కోడ్ ఎవర్ని అడుగుతారు? మీ ఊళ్లో డీఫిబ్రిలేటర్ పెట్టాలనుకుంటే బాక్స్ బయట గోడకో, బస్టాప్ లోపలో పెట్టించండి, ఫోన్ ఉండనివ్వండి, లేదా తాళం లేని పెట్టె తీసుకోండి. పుస్తకాలు పెడదామనే వాళ్లకి కూడా నాదొక మాట, కంబ్రియా వానల్లో ఇనప డబ్బా లోపల ఒక చలికాలం గడిస్తే పుస్తకాలు అప్పడాల్లా ఉబ్బుతాయి.

ఖర్చు కూడా పౌండుతో ఆగదు. కే6 బరువు ముప్పావు టన్ను దాకా ఉంటుంది, పోత ఇనుము. టేకు తలుపు కింది భాగం నీళ్లు తగిలి పుచ్చుతుంది, మూడు వైపులా కలిపి 72 అద్దాలు, రంగు పొరల కింద పాత సీసం రంగు ఉండొచ్చు కాబట్టి శనివారం నలుగురు కుర్రాళ్లు మాస్కు లేకుండా ఇసుక కాగితం పట్టుకుని గీకే పని కాదు. ఇన్సూరెన్సు ఉంటుంది. ఎవరు భరిస్తారో మీటింగులోనే మినిట్స్‌లో రాయించండి, లేకపోతే మూడేళ్లకి మళ్లీ మీ గేటు దగ్గర తుప్పు పట్టిన డబ్బా, ఈసారి తిట్టడానికి బీటీ కూడా ఉండదు.

మీరు అడగని ఒక ప్రశ్న కూడా మీ మాటల వెనక కనిపించింది: మన దగ్గర లేని ఈ గొడవ వీళ్లకెందుకు అని. మన ఊళ్లలో పసుపు బోర్డు ఎస్టీడీ బూత్ ఎలా పోయిందో గుర్తు తెచ్చుకోండి. నోటీసు అంటించలేదు, ఎవర్నీ అడగలేదు, బూత్ నడిపే ఆయన మెల్లగా రీఛార్జ్ కూపన్లు పెట్టాడు, తర్వాత జిరాక్స్ మెషిన్ పెట్టాడు, ఒకరోజు చూస్తే అద్దాల గది లేదు. కిరాణా కొట్టు ముందు వేలాడే రూపాయి బిళ్ల ఫోనూ అంతే. అది ఒక మనిషి బతుకుతెరువు, గిరాకీ లేకపోతే మూసుకుంటాడు, చట్టం అడ్డు రాదు. ఇక్కడ ప్రతి మనిషికీ అందుబాటులో ఒక ఫోన్ ఉండటం కంపెనీ మీద చట్టం పెట్టిన బాధ్యత, అందుకని తీసేముందు అడగాలి. అడిగితే జనం చెబుతారు కదా, మన దగ్గర అడిగి ఉంటే మనమూ చెప్పేవాళ్లమేమో. 2000ల్లో లండన్, బర్మింగ్‌హామ్ వచ్చిన మన స్టూడెంట్లు ఇంటర్నేషనల్ కాలింగ్ కార్డు గీకి, ఈ ఎర్ర డబ్బాల్లో చలికి వణుకుతూ గుంటూరుకో వరంగల్‌కో మాట్లాడినవాళ్లే. వాళ్లకీ దీని మీద అభిప్రాయం ఉంటుంది, పాపం వాళ్లనెవరూ ఊరివాళ్ల లెక్కలో వేయరు.

మీరు కొత్తగా వచ్చామని వెనకాడుతున్నారు గానీ నిబంధనల దృష్టిలో మీ మాటకీ, అక్కడే పుట్టి పెరిగిన ఆవిడ మాటకీ తేడా లేదు. ఇంకా చెప్పాలంటే మీ ఉత్తరానికే విలువ ఎక్కువ ఉండొచ్చు. బాక్స్ మీద ప్రేమ లేని మనిషి "ఇక్కడ సిగ్నల్ లేదు, కరెంటు పోతే నా దగ్గర వేరే దారి లేదు" అని రాస్తే అది వాస్తవంగా చదువుతారు.

నోటీసు మీద తేదీ చూడండి, సాధారణంగా 90 రోజుల గడువు ఉంటుంది. 2023 ఏప్రిల్లో కంబ్రియాలో జిల్లా కౌన్సిళ్లు రద్దయ్యాయి కాబట్టి మీ ఉత్తరం వెళ్లాల్సింది కంబర్లాండ్ కౌన్సిల్‌కో, వెస్ట్‌మోర్లాండ్ అండ్ ఫర్నెస్ కౌన్సిల్‌కో, మీ ఊరు ఏ వైపుంటే అటు. పారిష్ కౌన్సిల్‌కి కాపీ పంపండి, వాళ్లు కూడా విడిగా రాయమని అడగండి. అభ్యంతరం అంటే సరిపోదు, కౌన్సిల్ కారణాలు చూపించాలి, ఆ కారణాలు మీరు రాసిచ్చేవే. బాక్స్ మీద దాని ఫోన్ నంబరు రాసి ఉంటుంది, ఉత్తరం పైన అదీ, పోస్ట్‌కోడూ వేయండి, ఎందుకంటే ఒకే నోటీసు కింద పది ఊళ్ల బాక్సులు ఉంటాయి, "మా ఊరి ఎర్ర బాక్స్" అని మాత్రమే రాసిన ఉత్తరాన్ని ఏ ఫైల్లో పెట్టాలో తెలియక మేము తలలు పట్టుకున్న రోజులున్నాయి.